మంచె మీద చలి: కదలకుండా కూర్చునే మనిషి ఒంటి వేడిని కాపాడుకోవడం

పంటకు కాపలా కాసేందుకో, అడవి జంతువు కదలికను కనిపెట్టేందుకో నేలకు ఎత్తుగా, గుంజల మీద గాని చెట్టుకొమ్మల నడుమ గాని కట్టే వేదికను తెలుగువారు మంచె అంటారు. హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారికి అదే మచాన్. ఒకప్పుడు ఈ మచాన్ మధ్య భారతంలోని సంస్థానాధీశుల వేట సరంజామాలో ముఖ్యమైన భాగం. ఆ రాజుల వేట ఎక్కడిదాకా వెళ్ళిందంటే, నేటి ఛత్తీస్‌గఢ్ ఉత్తర భాగంలో ఉన్న కొరియా సంస్థానపు రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ 1947లో కాల్చిన మూడు చీతాలు దేశంలో నమోదైన ఆఖరి చీతాలని చెబుతారు. 1952లో ఆ జంతువు భారతదేశంలో అంతరించిపోయినట్టు ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపులు మూసివేసిన తరువాత, మచాన్ మీద తుపాకీతో కూర్చోవడం నేరమైంది గాని, మచాన్ మాత్రం మిగిలింది. దాని మీద ఇప్పుడు కూర్చునేది చలికాలపు పంటకు కాపలా కాసే రైతు, వలస పక్షుల కోసం కెమెరాతో కాచుకునే పక్షి ప్రేమికుడు. ఇద్దరి చేతుల్లోని పరికరాలు వేరైనా ఇద్దరినీ పీడించే చలి ఒక్కటే కనుక, ఈ అధ్యాయం వారిద్దరినీ ఉద్దేశించినది.

రాయ్‌పూర్, భిలాయి నగరాల నడుమ, జాతీయ రహదారిని ఆనుకుని, ఖారున్ నదికి పడమటగా దుర్గ్ జిల్లాలో ఉన్న కుమ్హారి పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ చలి స్వభావం తేలికగా అర్థమవుతుంది. ఇక్కడ హిమపాతం ఉండదు, నీరు గడ్డకట్టదు. డిసెంబరు, జనవరి నెలల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు దిగే రాత్రులుంటాయి, పగలు మాత్రం ఎండ హాయిగా కాస్తుంది. పట్టణం దాటగానే వరి కోసిన మళ్ళు, శనగ చేలు, కూరగాయల తోటలు మొదలవుతాయి. వరి ఇంకా నిలబడి ఉండగానే ఆ తడినేలలో తివ్‌రా అనే పప్పుధాన్యాన్ని చల్లే ఉతేరా పద్ధతి ఛత్తీస్‌గఢ్ మైదానంలో ప్రసిద్ధం. కోతలు ముగిసిన తరువాత పశువులను విడిచిపెట్టే అలవాటు కూడా ఇక్కడ పాతదే కావడంతో, చలికాలపు పైరుకు అడవిపంది కంటే ముందు ఊరి ఆవుల బెడద తగులుతుంది. పంటల మీద పశువుల బెడదను అరికట్టేందుకే రాష్ట్ర ప్రభుత్వం 2020లో రోకా-ఛేకా పేరుతో ఒక కార్యక్రమం చేపట్టింది. అదే రుతువులో సహకార సంఘాల ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర బస్తాల గుట్టలకు రాత్రి కాపలా ఉంటుంది. ఇంత మంది మనుషులు, ఇంత మామూలు చలిలో, రాత్రంతా కదలకుండా కూర్చుంటున్నారు.

ఈ చలిని తక్కువగా అంచనా వేయడానికి ప్రధాన కారణం, ఉష్ణమాపకం చూపే అంకెను మాత్రమే చూసి, కూర్చునే మనిషి శరీరం ఎంత వేడిని పుట్టిస్తోందో చూడకపోవడమే. విశ్రాంతిగా కూర్చున్న వయోజనుడి శరీరం సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది; అతడే చురుగ్గా నడిస్తే అది రెండు మూడింతలవుతుంది. దుస్తులు వేడిని పుట్టించవు, పుట్టిన వేడి బయటికి పోయే వేగాన్ని తగ్గిస్తాయి, అంతే. ఆ తగ్గించే శక్తిని కొలిచేందుకు 1941లో గాగ్, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు క్లో అనే ప్రమాణాన్ని ప్రతిపాదించారు. దాదాపు 21 డిగ్రీల గదిలో, గాలి కదలిక లేనిచోట, ఊరికే కూర్చున్న మనిషికి సుఖంగా ఉండేందుకు కావలసిన దుస్తులు ఒక క్లో. స్థూలంగా చెప్పాలంటే అది ఒక కోటు, ప్యాంటు జత. ఈ ప్రమాణంతో లెక్క వేసి చూస్తే, 10 డిగ్రీల చలిలో నడిచే మనిషికి ఒక క్లో లోపు దుస్తులు చాలుతుండగా, అదే చలిలో కదలకుండా కూర్చునేవాడికి దాదాపు మూడింతలు అవసరమవుతున్నాయి. పొద్దున్నే నడకకు వెళ్ళినప్పుడు ఒక స్వెటరు సరిపోయిందన్న అనుభవాన్ని నమ్ముకుని మంచె ఎక్కేవాడు తెల్లవారేసరికి గజగజ వణకడానికి కారణం ఇదే.

ఇంకో లెక్క కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 70 కిలోల మనిషిని తీసుకుంటే, అతడి శరీరం మొత్తం సగటున ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 245 కిలోజౌళ్ళ వేడిని కోల్పోవాలి. అతడు 100 వాట్లు పుట్టిస్తూ 130 వాట్లు పోగొట్టుకుంటున్నాడనుకుంటే, ఆ 30 వాట్ల లోటు వల్ల రెండుంపావు గంటలకు ఒక డిగ్రీ పడిపోతుంది. శరీరం ఈ లోటును ముందుగా చర్మం మీదికి, కాళ్ళూ చేతుల మీదికి నెట్టి, గుండె, మెదడు ఉన్న లోపలి భాగాన్ని 37 డిగ్రీల దగ్గర నిలుపుకుంటుంది. వేళ్ళు మొద్దుబారడం ఆ రక్షణ చర్యలో భాగమే. ముప్పై వాట్లంటే చిన్న బల్బు పాటి వేడి. రాత్రి కాపలా సుఖంగా గడవడమూ గడవకపోవడమూ ఆ కొద్దిపాటి లోటును పూడ్చుకోవడం మీద ఆధారపడి ఉంటుంది, ఆ పూడ్పు ఏర్పాట్లలో ఎక్కువ భాగం మంచె ఎక్కడానికి ముందే జరిగిపోవాలి.

చెమట అనే మొదటి శత్రువు

చలికాలపు కావలిలో మొదటి పొరపాటు చలి వల్ల జరగదు, చెమట వల్ల జరుగుతుంది. ఉన్న దుస్తులన్నీ ఇంటి దగ్గరే తొడుక్కుని, భుజాన గోనెసంచి, చేతిలో కర్ర, టార్చిలైటు పట్టుకుని, గట్ల మీదుగా కిలోమీటరు నడిచి మంచె ఎక్కిన మనిషికి, నడుస్తున్నంతసేపూ ఒళ్ళు రెండింతలు మూడింతలు వేడిని పుట్టిస్తూనే ఉంటుంది; ఆ వేడి పోయే దారి లేక లోపలి బనియను తడుస్తుంది. కూర్చోగానే వేడి ఉత్పత్తి తగ్గిపోతుంది, తడి మాత్రం మిగులుతుంది. నీరు గాలి కంటే దాదాపు పాతిక రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది కనుక తడి బట్ట వేడిని ఆపడం మాని బయటికి దారి చూపుతుంది. ఆ తడి ఆవిరయ్యేటప్పుడు అదనంగా మరికొంత వేడిని లాక్కుంటుంది. ఈ రెండో ప్రక్రియను బాష్పీభవనం అంటారు. వేసవిలో కుండలో నీటిని చల్లబరిచేది ఇదే.

భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే కుటుంబాలకు ఈ సంగతి వేరే రూపంలో పరిచయమే. సోవియట్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఆ కర్మాగారానికి తెలుగు ప్రాంతాల నుంచి కూడా ఎందరో వచ్చి స్థిరపడ్డారు. కొలిమి వేడిలో, కోక్ ఒవెన్ల దగ్గర షిఫ్టంతా చెమటోడ్చి, తడిసిన చొక్కాతోనే అర్ధరాత్రి మోటారుసైకిలెక్కి కుమ్హారి దాకా వచ్చే కార్మికుడికి, ఆ రోజు కొలిమి దగ్గర పడిన వేడి ఏమాత్రం అక్కరకు రాదు. దారిలో తగిలే చలిగాలి తడి చొక్కా మీదుగా దాన్నంతా ఊడ్చుకుపోతుంది. చొక్కా మార్చుకుని, ఛాతీ మీద స్వెటరు కింద దినపత్రిక రెండు మడతలు పెట్టుకుని బయలుదేరే పాత కార్మికుల అలవాటులో శాస్త్రం పూర్తిగా ఉంది: పొడి బట్ట మొదటి రక్షణ, గాలి చొరబడని కాగితం రెండోది.

మంచె కావలికి ఇదే పద్ధతిని అన్వయించాలి. నడిచేటప్పుడు కొద్దిగా చలి వేస్తున్నట్టు ఉండేంత పలుచని దుస్తులతో బయలుదేరి, మందపాటివన్నీ సంచిలో మోసుకుపోవాలి. మంచె కిందికి చేరి, అయిదు పది నిమిషాలు ఊపిరి కుదుటపడేదాకా ఆగి, లోపలి బనియను, మేజోళ్ళు మార్చుకుని, ఆ తరువాత ఒక్కొక్కటే తొడుక్కోవాలి. బనియను మార్చుకోవడానికి అర నిమిషం ఒళ్ళు బయటపెట్టవలసి వస్తుందని చాలామంది మానేస్తారు. ఆ అర నిమిషపు చలికి జడిసి రాత్రంతా తడి బట్టతో కూర్చోవడం కంటే తెలివితక్కువ బేరం మరొకటి లేదు.

బట్టల విషయంలో నూలుకు ఉన్న మంచి పేరు ఇక్కడ పనికిరాదు. నూలు తడిని పీల్చుకుని, నూలుపోగుల మధ్య ఉండే గాలి ఖాళీలను నీటితో నింపుకుంటుంది. ఉన్ని కూడా తడిని పీల్చుకుంటుంది గాని తన బరువులో దాదాపు మూడోవంతు ఆవిరిని పోగు లోపలే దాచుకుని, పైకి పొడిగానే తోస్తుంది. దాని వంకరలు తిరిగిన పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా గాలిని పట్టి ఉంచుతాయి. అందువల్ల ఒంటికి అంటుకుని ఉండే పొర ఉన్నిదో, త్వరగా ఆరిపోయే పాలిస్టరుదో అయి ఉండాలి. దాని మీద వదులుగా ఒకటి రెండు స్వెటర్లు, అన్నిటి పైన గాలిని ఆపే పొర, అంటే పాత రెయిన్‌కోటు అయినా సరే. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడి ఈ పైపొరకూ నడిమిపొరకూ కలిపి ఒక్కటే సమాధానం: ముతకగా ఉండటం వల్ల గాలిని పట్టి ఉంచుతుంది, బిగువైన నేత వల్ల ఈదురుగాలిని, పలుచని తుంపరను ఆపుతుంది, కూర్చున్న మనిషిని తల నుంచి మోకాళ్ళ దాకా ఒకే కప్పుగా కప్పుతుంది. ఖరీదైన జాకెట్ల మీద మోజు పెరిగిన కాలంలో గొర్రెల కాపరుల ఈ వస్త్రానికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదనే చెప్పాలి. చప్పుడు చేయదు కనుక పక్షులను గమనించేవారికి నైలాను జాకెట్టు కంటే ఇదే మేలు.

కింది నుంచి వచ్చే చలి

మంచె మీద వేడి పోయే దారుల్లో అందరూ మరిచిపోయేది అడుగుభాగం. నేల మీద కూర్చున్నవాడు తాకిడి ద్వారా, అంటే భౌతికశాస్త్రం ఉష్ణవహనం అనే పద్ధతిలో, వేడిని నేలకు ఇచ్చుకుంటాడు; మంచె మీద కూర్చున్నవాడికి నేల లేదు గాని వెదురు దబ్బల సందుల్లోంచి అడుగున వీచే గాలి ఉంది. గాలి కదలిక వేడిని మోసుకుపోవడాన్ని సంవహనం అంటారు. పైన రెండు కంబళ్ళు కప్పుకున్నా, కింద ఒక్క పలుచని దుప్పటి వేసుకుని కూర్చుంటే, శరీర బరువుకు ఆ దుప్పటి అణిగిపోయి దానిలోని గాలి బయటికి పోవడంతో అది ఉన్నా లేనట్టే అవుతుంది. కాబట్టి మంచె మీద పరుపు కప్పుకునే కంబళి కంటే ముఖ్యమైనది. దబ్బల మీద ముందు పాత టార్పాలిన్ పరచి సందుల గాలిని ఆపాలి. దాని మీద జానెడు మందాన ఎండు వరిగడ్డి వేయాలి. ఛత్తీస్‌గఢీలో పైరా అనే ఈ వరిగడ్డికి కోతల తరువాత కుమ్హారి చుట్టుపక్కల ఏ లోటూ ఉండదు. గడ్డిపరక లోపల బోలుగా ఉండటం వల్ల మనిషి బరువుకు పూర్తిగా అణగక, గాలిని నిలుపుకుంటుంది. గడ్డి మీద రెండు గోనెసంచులు పరిచి, ఆపైన కంబళి వేసుకోవాలి. ధాన్యం కొనుగోళ్ళ కాలంలో బార్దానా అనే పేరుతో అందరి నోళ్ళలో నలిగే ఆ గోనెసంచులు చిరిగినవైనా ఈ పనికి సరిపోతాయి. గడ్డి మంచుకు తడిస్తే ఉపయోగం పోతుంది. పగటిపూట దాన్ని ఎండలో తిరగేసి ఆరబెట్టడం కావలి పనిలో భాగమని గుర్తించాలి.

పాదాలకు కూడా ఇదే సూత్రం. కాళ్ళు వేలాడేసి కూర్చునేవాడి పాదాలను గాలి నాలుగు వైపుల నుంచి తాకుతుంది కనుక పాదాలను పైకి తీసుకుని గడ్డి నింపిన గోనెసంచిలో మోకాళ్ళ దాకా దూర్చి కూర్చోవడం ఉత్తమం. రెండు జతల మేజోళ్ళు తొడిగి బిగుతు బూట్లలో కుక్కుకోవడం వల్ల రక్తప్రసారం తగ్గి, పాదాలు ఒక జతతో ఉన్నప్పటి కంటే త్వరగా చల్లబడతాయి. తడి మడిలోంచి వచ్చిన పాదాలను అలాగే వదిలేయడం ఇంకా ప్రమాదం: మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో సైనికుల పాదాలను కుళ్ళబెట్టిన ట్రెంచ్ ఫుట్ అనే జబ్బు రావడానికి నీరు గడ్డకట్టేంత చలి అక్కరలేదు, తడీ, 15 డిగ్రీల లోపు చలీ, కొన్ని గంటలపాటు కదలకపోవడమూ కలిస్తే చాలు. ఈ మూడూ ఉతేరా చేను పక్క మంచె మీద ఏకకాలంలో కలుస్తాయి.

పైకప్పు, గాలివాలు, తెల్లవారుజాము

మబ్బులేని రాత్రి, ఆరుబయట ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనబడని కిరణాల రూపంలో ఆకాశంలోకి వదులుతుంది. దీన్ని వికిరణం అంటారు. ఈ దారిన పోయే వేడిని ఆపడానికి కంబళి కంటే పైకప్పు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే గడ్డికప్పు తాను కొంత వేడిని తిరిగి కిందికి పంపుతుంది, పైగా మంచు పడి కంబళి తడవకుండా కాపాడుతుంది. చెట్టుకింద నిలిపిన వాహనం అద్దం మీద మంచు తక్కువగా పడటం ఇందుకు రోజూ కనిపించే రుజువు. పైకప్పు లేని మంచె చలికాలానికి పనికిరాదు, అంతే.

ఎత్తు గురించి ఒక అపోహ ఉంది. మంచె ఎత్తుగా ఉంటే చలి ఎక్కువని అనుకుంటారు. గాలి వీస్తున్న రాత్రి అది నిజమే. గాలి స్తంభించిన నిర్మలమైన రాత్రి మాత్రం నేల వేగంగా చల్లబడి, తనను ఆనుకున్న గాలిని చల్లబరుస్తుంది, ఆ బరువైన చల్లగాలి పల్లపు మళ్ళలోకి, నది ఒడ్డుకు జారి నిలుస్తుంది. కొన్ని మీటర్ల ఎత్తున గాలి దానికంటే వెచ్చగా ఉంటుంది. ఉష్ణోగ్రతా విలోమం అనే ఈ స్థితి వల్ల ఖారున్ ఒడ్డు పల్లంలో నేల మీద కూర్చున్నవాడి కంటే కాస్త మెరక మీద మంచె ఎక్కినవాడికే సుఖం ఎక్కువ. గాలికి మాత్రం అడ్డు కట్టాలి. చలికాలంలో ఈ మైదానంలో గాలి ఎక్కువగా ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి వస్తుంది కనుక ఆ రెండు వైపులా తడికలు కట్టి, వాటికి లోపలి నుంచి గోనెపట్టా కుట్టి, చూపు ఆనవలసిన వైపు మాత్రం తెరిచి ఉంచాలి. గాలి ప్రభావాన్ని అంకెల్లో చెప్పేందుకు సైపుల్, పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో చేసిన పరిశీలనలను 1945లో ప్రచురించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 15 కిలోమీటర్ల గాలి వీస్తే బయటపడ్డ ముఖానికి 8 డిగ్రీలంత చలి తెలుస్తుంది. రెండు డిగ్రీల తేడా పెద్దది కాదనిపించవచ్చు గాని, గంటల తరబడి కదలని మనిషికి అది చాలు.

అన్నిటికంటే కష్టమైన ఘడియ తెల్లవారుజాము. రాత్రంతా చల్లబడుతూ వచ్చిన నేల సూర్యోదయం దగ్గరపడేసరికి అత్యంత శీతలంగా ఉంటుంది. మనిషి శరీరపు లోపలి ఉష్ణోగ్రత కూడా దినచక్రంలో నాలుగైదు గంటల వేళకే అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళకే పక్షులు లేస్తాయి, ఆవులు చేల మీద పడతాయి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలోనే జరుగుతోంది. బెమెతరా జిల్లాలోని గిధ్వా-పరసదా చెరువుల వంటి చోట్ల పక్షులను చూడవచ్చే వారు కూడా సరిగ్గా ఈ ఘడియకే గట్ల మీదికి చేరతారు. (అడవుల్లో మచాన్ల మీద నుంచి నీటిగుంటల దగ్గర జంతువులను లెక్కించే పాత పద్ధతి వేసవి పున్నమికి సాగేది కనుక వారికి ఈ బాధ లేదు.) ఉన్న అదనపు రక్షణలన్నీ, వేడినీళ్ళ సీసా, రెండో కంబళి, తినుబండారం, రాత్రి పది గంటలకే ఖర్చు చేయకుండా ఈ ఘడియ కోసం దాచి ఉంచడం అనుభవజ్ఞుల లక్షణం.

వేడినీళ్ళు, నిప్పు, సారా

ఒక లీటరు వేడినీటిని, సుమారు 80 డిగ్రీల దగ్గర, స్టీలు సీసాలో పోసి, గట్టిగా మూత బిగించి, రెండు పొరల గుడ్డ చుట్టి, కంబళి లోపల పొట్ట మీదో తొడల నడుమో పెట్టుకుంటే, అది చర్మపు వేడి స్థాయికి చల్లారేలోగా దాదాపు 188 కిలోజౌళ్ళు ఇస్తుంది. పైన చెప్పిన 30 వాట్ల లోటును గంటా నలభై నిమిషాలకు పైగా పూడుస్తుంది. దీనితో పోలిస్తే ఒక పెద్ద గ్లాసు వేడి టీ నేరుగా ఇచ్చే వేడి పావుగంటకు కూడా చాలదు. టీ తాగవద్దని దీని అర్థం కాదు. ఆ తీపి, ఆ ఉత్సాహం విలువైనవే, కాని ఫ్లాస్కు మీద పెట్టుకునే నమ్మకంలో సగమైనా వేడినీళ్ళ సీసా మీద పెట్టుకోవాలి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు సీసాను పాదాల దగ్గర పెట్టుకోకూడదు, కాలినా తెలియదు. వేరుశనగపప్పు, బెల్లం కలిపిన పట్టీలు, నువ్వుండలు కొద్దికొద్దిగా గంటకోసారి తింటూ ఉంటే జీర్ణక్రియ వల్ల కూడా కొంత వేడి పుడుతుంది. చలిలో దాహం తెలియకపోయినా నీళ్ళు తాగాలి; మాటిమాటికీ కిందికి దిగవలసి వస్తుందని నీళ్ళు మానేయడం చాలామంది చేసే పని, అది మంచిది కాదు.

ఛత్తీస్‌గఢ్ ఇళ్ళలో చలికాలమంతా వెలిగే గోర్సీ, అంటే పిడకలు, ఊక రాజేసే మట్టి కుంపటి, నేల మీద ఆరుబయట ఉన్నంతవరకు మంచి నేస్తమే. మంచె ఎక్కే ముందు దాని దగ్గర చేతులు కాచుకోవచ్చు, బట్టలు వెచ్చబెట్టుకోవచ్చు. మంచె మీదికి మాత్రం దాన్ని ఎక్కించరాదు. వరిగడ్డి పరుపు మీద నిప్పురవ్వ పడితే దిగే వ్యవధి కూడా ఉండదన్నది ఒక కారణం. చుట్టూ టార్పాలిన్ కట్టిన ఇరుకు చోట బొగ్గు సగం కాలి వెలువరించే కార్బన్ మోనాక్సైడ్ రెండో కారణం. రంగు, వాసన లేని ఆ వాయువు రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించి, నిద్ర ముంచుకొచ్చినట్టు చేసి, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారేసరికి విగతజీవులై కనిపించిన వార్తలు ఉత్తర భారతంలో ప్రతి చలికాలమూ వస్తూనే ఉంటాయి.

ఇప్పసారా గురించి చెప్పవలసింది తక్కువ. సారా చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వెచ్చని రక్తాన్ని చర్మానికి తెస్తుంది. వెచ్చగా అనిపించేది అందుకే, ఆ వెచ్చదనం గాలిపాలయ్యేదీ అందుకే. ఎత్తు మీద కూర్చునే మనిషికి అది పడిపోయే ప్రమాదాన్ని కూడా పెంచుతుంది.

తలకు టోపీ పెట్టుకోకపోతే ఒంటివేడిలో సగం తల నుంచే పోతుందని చెప్పే మాట నిజం కాదు; తల శరీర ఉపరితలంలో పదోవంతు మాత్రమే, పోయే వేడి కూడా సుమారుగా అంతే. అయినా మిగిలిన ఒళ్ళంతా కప్పి ఉన్నప్పుడు బయటపడి ఉండేది అదే కనుక మంకీ క్యాపు, మెడకు మఫ్లరు ఉండాలి.

కదలకుండా కదలడం

పక్షులు బెదరకూడదన్నా, పశువు దారి కనిపెట్టాలన్నా మంచె మీద అలికిడి చేయకూడదు. శరీరం పైకి కదలకుండానే కండరాలను పని చేయించవచ్చు: కాలివేళ్ళను బూటు లోపల ముడిచి విప్పడం, పిక్కలను, తొడలను, పిరుదులను పది లెక్కపెట్టేదాకా బిగించి వదలడం, కంబళి కింద అరచేతులను ఒకదానికొకటి ఆనించి నొక్కడం. ప్రతి పావుగంటకు రెండు నిమిషాలపాటు ఇలా చేస్తే వేడి ఉత్పత్తి కొంత పెరుగుతుంది, కాళ్ళలో నిలిచిన రక్తం కదులుతుంది. చలి వేసిన తరువాత కాకుండా వేయకముందు నుంచే చేయాలి. వణుకు కూడా శరీరం తనంతట తాను చేసే ఇలాంటి వ్యాయామమే. అది విశ్రాంతి వేడిని నాలుగైదింతలు చేయగలదు గాని, మనిషిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది. చలిని తట్టుకోవడాన్ని మగతనంగా భావించి, వణుకుతూ కూడా కూర్చోవడాన్ని గొప్పగా చెప్పుకునే కుర్రవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వణుకు మొదలైందంటే ఏర్పాట్లలో ఎక్కడో లోపం జరిగిందని అర్థం, ఆ లోపాన్ని వెంటనే సరిచేయగలిగితే కూర్చోవాలి, లేకపోతే దిగిపోవాలి.

దిగడం గురించి విడిగా ఒక మాట అవసరం. చెట్ల మీద కట్టిన వేదికల నుంచి జింకలను వేటాడే అమెరికాలో ఆ వేటగాళ్ళకు తగిలే గాయాల్లో ప్రధానమైనవి కింద పడటం వల్ల తగిలేవే. అందుకే వారు నడుముకూ భుజాలకూ తాడుపట్టీ కట్టుకుంటారు. మొద్దుబారిన వేళ్ళకు నిచ్చెన మెట్టు పట్టు తెలియదు. కనుక వేళ్ళతో చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నంతసేపే కూర్చోవాలని, గుండీ పెట్టడం కష్టమైతే చేతులు వెచ్చబెట్టుకుని దిగాలని నియమం పెట్టుకోవడం మంచిది. దిగే ముందు నిలబడి, కాళ్ళు ఆడించి, సంచిని తాడుతో కిందికి దించి, ఖాళీ చేతులతో నిచ్చెన పట్టుకోవాలి.

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడిపోవడాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. కుమ్హారి వంటి చోట, పొడిబట్టలతో ఉన్న ఆరోగ్యవంతుడికి అది రావడం అరుదు. తడిసినవారికి, తాగినవారికి, వృద్ధులకు, పోషణ లోపించినవారికి 10 డిగ్రీల దగ్గర కూడా రావచ్చు. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతపు కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకంటే తక్కువకో చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే అది చలిగాలుల పరిస్థితి; అలాంటి హెచ్చరిక ఉన్న రాత్రుల్లో ఒంటరిగా మంచె ఎక్కకుండా, ఇద్దరు వంతులవారీగా కాపలా కాయడం ఉత్తమం. ఒకరి మాట తడబడటం, అడుగు తూలడం, అడిగినదానికి పొంతనలేని జవాబు ఇవ్వడం రెండో మనిషికే తెలుస్తాయి, బాధితుడికి తెలియవు. వణుకుతున్నవాడికి వణుకు ఆగిపోవడాన్ని కోలుకోవడంగా పొరబడకూడదు. శరీరం ఓడిపోతున్నదనడానికి అది గుర్తు. అలాంటి మనిషిని జాగ్రత్తగా దించి, గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి, పొడి కంబళి చుట్టి, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసాను ఛాతీ దగ్గర, చంకల్లో పెట్టాలి. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు, సారా పట్టకూడదు, స్పృహలో ఉండి మింగగలిగితేనే వెచ్చని తీపి పానీయం ఇవ్వాలి. ఇవన్నీ చేస్తూనే 108కి ఫోన్ చేయాలి.